కిర్రుమనే తలుపు

మా ఆవిడ నాతో మాటలు మానేసి నెలయింది. నేనూ బిగుసుకున్నాను. ఆ చిరాకులో ఉండగానే, నేను బిగించిన తలుపు గురించి ఒకావిడ మూడోసారి పిలిపించింది.

వీధి గుమ్మంలోనే గొంతు పెంచింది. "కిర్రుమని ఒకటే గోల మేస్త్రీ! పాప ఉలిక్కిపడి లేస్తోంది."

లోపలికెళ్ళి బందులకు నూనె వేశాను. తలుపు తీసి, వేశాను. చప్పుడే లేదు.

"ఏదమ్మా చప్పుడు? ముప్పై ఏళ్ళు రంపం మిషన్ పక్కన బతికినవాణ్ణి. తలుపు సంగతి నాకా చెప్తారు?"

ఆవిడ కంగారుగా నోటి మీద వేలు పెట్టుకుంది.

పంతానికి మళ్ళీ మెల్లగా లాగాను. ఉయ్యాల్లో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడింది. ఆగి, ఇంకోసారి లాగాను. మళ్ళీ ఉలిక్కిపడింది.

నా చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

సామాన్లు అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. మా ఆవిడ వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. రోజూలా ముఖం తిప్పుకుని పోకుండా, వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

ఆవిడ తలెత్తలేదు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.