మూడో రోజు కోత

"గ్రాఫు సరిగ్గానే వచ్చిందిగా! ఎందుకు దాస్తున్నావ్?" అంది లెక్కల లెక్చరర్ లక్ష్మీదుర్గ.

అనీసా కాగితం ఇవ్వలేదు. లెక్కలూ కెమిస్ట్రీ కలిపి చేసిన ప్రాజెక్టు అది. మిరపకాయ మీద కొట్టిన పురుగుమందు ఎన్నాళ్లకు విరుగుతుందన్నది తనే ఎంచుకున్న ప్రశ్న.

"మందు కొట్టాక పది రోజులు ఆగాలి మేడం. మా అమ్మ మూడో రోజే కోత కూలికెళ్తోంది."

"అయితే ఏం చేయాలంటావ్?" జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేయడం లక్ష్మీదుర్గ పద్ధతి.

"మీరే చెప్పండి మేడం. రేపు కోత మీ చేలోనే."

లక్ష్మీదుర్గ గబగబా భర్తకు ఫోన్ చేసింది. "ఏమండీ, రేపటి కోత ఆపించండి. ఎందుకో ఇంటికొచ్చి చెప్తాను."

ఆమె ఫోన్ పెట్టేసినా అనీసా మొహం తేటపడలేదు.

"మీరు ఆపితే అమ్మ పక్క చేలోకి పోద్ది మేడం. అక్కడ నిన్ననే మందు కొట్టారు."

"వెళ్లొద్దని చెప్పలేదా?"

"చెప్పా. పని మానేసి నీ గ్రాఫు వండిపెట్టమంటావా అని నవ్వింది."

లక్ష్మీదుర్గ కుర్చీ లాక్కుని అనీసా పక్కన కూర్చుంది.

"మరి ఏం చేద్దాం అనీసా?"

జవాబు తనకు తెలియకుండా ఆ క్లాసులో ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.