ఎర్ర తీగ, నల్ల తీగ

మునేష్ సోల్డరింగ్ కడ్డీని తీగ మీద అదిమాడు. వేలు చురుక్కుమంది. దాంతో ఉన్న కోపం ఇంకాస్త పెరిగింది.

నెలలో ఇది మూడోసారి. ఇంట్లో పాటలు పెట్టుకునే ఆంప్లిఫయర్ వెనక స్పీకరు తీగలు బిగించే ఎర్ర మర, నల్ల మర రెండూ లోపలి అతుకులతో సహా ఊడి వచ్చాయి. ఎలుకల పనా అంటే, ఎలుక కొరుకుతుందే గానీ తీగల కొనలు రెండూ కలిపి పొందిగ్గా మెలిపెట్టి పోదు కదా. ఇది చెయ్యి తిరిగిన మనిషి పని.

ఊరిగాం గని కాలనీలో వాళ్ల ఇళ్ల వరసలో వైరింగు పని తెలిసినవాడు పక్కింటి ఆవులప్ప ఒక్కడే. ఆదివారాలు పాటల సౌండు తగ్గించమని రెండుసార్లు అడిగాడు కూడా. పైగా ఇంటి రెండో తాళంచెవి అతని దగ్గరే ఉంటుంది. మునేష్ పొద్దున్నే రైలెక్కి బెంగళూరు పనికి పోతే, మధ్యాహ్నం తలుపు తీసి ముసలి నాయన అంజినప్పకు ఇంత రాగిసంగటి పెట్టేది ఆవులప్పే. ముప్పై ఏళ్లు గనిలో మందు పెట్టి రాళ్లు పేల్చి వచ్చిన అంజినప్ప ఇప్పుడు మతి తప్పి చొక్కా గుండీ కూడా పెట్టుకోలేడు. ఇంటికి ఎవరొచ్చారని కొడుకు అడిగితే గోడకేసి చూస్తాడు.

కూడు పెట్టే చెయ్యే ఇంత పనికి దిగితే ఎవరితో చెప్పుకోవాలి? మునేష్ అతుకు వేయడం ముగించి, తిన్నగా పక్కింటి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు.

"ఆవులన్నా, సౌండు ఎక్కువైతే నా మొగానే చెప్పు. దొంగచాటుగా వైర్లు పీకేది యేం పద్ధతి?"

ఆవులప్ప తింటున్న కంచం పక్కన పెట్టాడు. సంగటి పెట్టి, గిన్నె కడిగి వచ్చేస్తానని, ఆ పెట్టె జోలికే పోలేదని కోలారమ్మ మీద ఒట్టేశాడు. వీధిలో జనం ఆగి వింటున్నారు. మునేష్ నోరు ఇంకా రెచ్చిపోయింది. తాళంచెవి ఇచ్చింది ముసలాయనకు కూడు పెట్టడానికి గానీ, ఇంట్లో చేతివాటం చూపించడానికి కాదన్నాడు.

ఆవులప్ప లోపలికెళ్లి తాళంచెవి తెచ్చి మునేష్ కాళ్ల దగ్గర పడేశాడు.

"ఇంగ మీ నాయనకు నువ్వే పెట్టుకోప్పా. మళ్లా నీ గడప తొక్కితే చెప్పు తీసుకుని కొట్టు."

ఆవులప్ప రాకపోతే నాయనను చూసే దిక్కు లేదు, బెంగళూరు పని మానుకోవాల్సిందే. అది తెలిసి కూడా మునేష్‌కు పౌరుషం తగ్గలేదు. ఆవులప్ప ఇంకో తాళంచెవి చేయించుకునే ఉంటాడు. చేతికి చిక్కించుకుని నలుగురిలో నిలబెడితే గానీ కడుపుమంట చల్లారదనుకున్నాడు.

మర్నాడు ఎప్పటిలాగే తయారై, పోయొస్తానని నాయనకు చెప్పి, తాళం వేసి వీధి చివరిదాకా నడిచాడు. వెనక సందులోంచి తిరిగొచ్చి కిటికీ పక్కన నక్కాడు.

గంట గడిచింది. ఆవులప్ప జాడ లేదు. లోపల మంచం కిర్రుమంది. అంజినప్ప గోడ పట్టుకుని లేచాడు. ఆంప్లిఫయర్ వెనక్కి వంగి, ఎర్ర తీగను, నల్ల తీగను కలిపి పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. ఏ వణుకూ లేకుండా రెండు కొనలనూ మెలిపెట్టాడు.

మునేష్ తాళం తీసి లోపలికి ఉరికాడు. ఈ పెట్టె నిన్నేం చేసిందని, నీ వల్ల అన్నలాంటి మనిషిని పోగొట్టుకున్నానని గొంతు చించుకుని అరిచాడు.

అంజినప్ప బెదిరిపోయి గోడకు ఆనుకున్నాడు. తీగలున్న పిడికిలి మాత్రం విప్పలేదు. కొడుకు మొహంలోకి చూస్తూ, ఎవరో పై అధికారితో మాట్లాడినట్టు వినయంగా అన్నాడు.

"కోపం చేసుకోవద్దు సార్. మందు తీగలు ఊడదీసి మెలిపెట్టినాను, ఇప్పుడు పేల్చొద్దు."

మునేష్ తీగలు లాక్కోబోతే ముసలాయన పిడికిలి ఇంకా బిగించాడు.

"మా మునేషు ఇంగా గనిలోనే ఉండాడు."