వియ్యపురాలి పొట్లాలు

"ఆ జాడీలు కాస్త గరాజ్‌లో పెట్టమ్మా. ఇవి సర్దడానికి చోటు చాలట్లేదు" అంది అవని.

జానకీదేవి కదల్లేదు. తెనాలి నుంచి మోసుకొచ్చిన పచ్చళ్ళ జాడీలకు అడ్డంగా నిలబడింది. కూతురూ అల్లుడూ నైజీరియాలోని లేగోస్ నుంచి అమెరికాలో, ప్లేనోలోని తమ ఇంటికి వచ్చి గంటైనా కాలేదు. లేగోస్‌లో అల్లుడు కయోడే చెల్లెలి పెళ్ళి. వాళ్ళు పెళ్ళి చూసుకుని వచ్చేదాకా ఆవిడే ఇల్లు కాచుకుని కూర్చుంది. ఇప్పుడు వంటింటి నేల మీద రెండు పెద్ద పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"ఏమిటివన్నీ?"

"ఇది గారీ. కర్రపెండలంతో చేసిన రవ్వ. ఇది ఎగుసి, పుచ్చగింజల పప్పులాంటిది. ఇది పెండలం పిండి. ఇదేమో..." అవని కాస్త ఆగింది. "ఎండు రొయ్యల పొడి. ఫ్రీజర్‌లో అడుగున పెట్టేస్తాలే, నీకు వాసన రాదు."

"వచ్చేసింది" అంది జానకీదేవి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటూ. "ఇవన్నీ మీ అత్తగారే ఇచ్చిందా?"

అవని చేతిలోని పొట్లాన్ని అటూ ఇటూ తిప్పింది. "ఆఁ. ఆవిడే దగ్గరుండి ప్యాక్ చేశారు. వద్దన్నా వినలేదు."

"నువ్వు వద్దన్నావా?"

"అన్నానమ్మా."

"పోయినేడు నేను సున్నుండలు కట్టిస్తే, వెయిట్ ఎక్కువైందని తీసి బల్లమీద పెట్టేసి విమానం ఎక్కావు. వద్దనడమంటే అదీ. అత్తగారిస్తే రెండు పెట్టెలు, అమ్మ ఇస్తే వెయిటు."

"ఆ ఫ్లైట్‌కి లిమిట్ వేరమ్మా."

"విమానమూ వేరే, మనిషీ వేరే. తెలుస్తూనే ఉందిలే."

"అత్తయ్యా, టీ పెట్టనా?" అన్నాడు కయోడే. అవని దగ్గర నేర్చుకున్న తెలుగు. మామూలుగా అయితే ఆ పిలుపుకే ఆవిడ కరిగిపోతుంది. ఇవాళ అక్కర్లేదన్నట్టు చెయ్యి ఊపి, దేవుడి అల్మరా దగ్గరికి వెళ్ళిపోయింది.

దీపం వెలిగించి లలితా సహస్రనామం మొదలుపెట్టింది. నామం నోట్లో ఉంది గాని మనసు పెట్టెల దగ్గరే ఉంది. సముద్రాలు దాటి వచ్చినా ఒక్క పొట్లమూ చిట్లలేదు. తన మాగాయ మాత్రం దారి పొడుగునా నూనె కారి, పట్టుచీర ఒకటి పాడుచేసింది. వియ్యపురాలి చేతికి అంత పనితనం ఎక్కడిది? రెండు పూటలా దీపం పెట్టే మనిషికి ఇంత కుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తుంది తల్లీ అని అమ్మవారినే అడిగింది.

లేచి వచ్చేసరికి అవని పైకి స్నానానికి వెళ్ళింది. అల్మరా నిండా పొట్లాలు బారులు తీరి ఉన్నాయి. జాడీలు గరాజ్‌లో, పాత చెప్పుల పక్కన ఉన్నాయి.

"బాబూ, మీ అమ్మగారికి ఫోన్ చెయ్యి. మనిషి కనిపించేలా చెయ్యి."

కయోడే మెట్లవైపు చూశాడు. "ఇప్పుడా అత్తయ్యా?"

"ఇప్పుడే. ఆవిడకి థాంక్స్ చెప్పాలి. ఆ తర్వాత నాకు టికెట్ బుక్ చెయ్యి. ఈ ఇంట్లో నా చేతి వంటతో ఇక ఎవరికీ పని లేదు."

అతను గొణుక్కుంటూనే ఫోన్ కలిపాడు. తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ కనిపించింది. ఆవిడ ముఖం కూడా ముడుచుకునే ఉంది.

"వదినగారూ, నమస్కారం" అంది జానకీదేవి. "రెండు పెట్టెలు నింపి పంపారు. మీ కోడలి వంటింట్లో నా జాడీలకు జానెడు చోటు లేకుండా చేశారు. అదృష్టమంటే మీదే. చెప్పు బాబూ, ఉన్నదున్నట్టు చెప్పు."

కయోడే తమ భాషలో చెప్పాడు. ఆవిడ ఫోన్ దగ్గరికి వంగి, చాలాసేపు గట్టిగా మాట్లాడింది. అతను మెడ రుద్దుకున్నాడు.

"ఏమంటారు?"

"అంటే... ఏ పెట్టెలు అంటోంది."

"ఈ పెట్టెలే. గారీ, పిండి, ఆ రొయ్యలూ."

కయోడే ఫోన్ కాస్త కిందికి దించాడు. "అమ్మ ఏమీ ఇవ్వలేదు అత్తయ్యా."

తడిజుట్టుతో దిగుతున్న అవని మెట్ల మీదే ఆగిపోయింది. "కయోడే, ఈ సంగతి అనొద్దని నీకు ముందే చెప్పాను కదా."

"మరి ఇవెక్కడివే?" అంది జానకీదేవి.

"ఇక్కడి ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొస్తూ ఆఫ్రికన్ స్టోర్‌లో కొని పెట్టెల్లో సర్దాను. పెళ్ళికి వెళ్ళిన కోడల్ని వట్టి చేతులతో పంపారంటే నువ్వు ఊరుకుంటావా? తెనాలంతా చెప్తావు. మా అత్తగారు నీ ముందు చిన్నబోవడం నాకిష్టం లేదు."

జానకీదేవి పెట్టె మూతమీదే కూలబడింది. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. వెంటనే అలా అనిపించినందుకు సిగ్గేసింది. ఫోన్‌లో ఆవిడ ఇంకా ఇటే చూస్తోంది.

"శుభకార్యం జరిగిన ఇల్లు. ఒక్క పొట్లం కట్టడానికి ఆవిడకి చేతులెందుకు రాలేదో అడుగు బాబూ."

కయోడే అడిగాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని, వేలెత్తి జానకీదేవినే చూపించింది. ఏదో ఒక్క మాట అని ముఖం తిప్పుకుంది.

కయోడే తల వంచుకుని, మాటలు కూడబలుక్కుంటూ చెప్పాడు. "చెల్లి పెళ్ళిరోజున అమ్మ నాకు తన చేత్తో సూప్ చేసి పెట్టింది. నేను... మీరు పెట్టే పప్పుచారు లేదా అని అడిగాను. అప్పటినుంచి అమ్మకి మీ పేరెత్తితే కడుపుమంట."