కదలని బండి

మార్చి పదిహేను, ఆదివారం. ఆ ఉదయం మూడో అంతస్తు పుణ్యవతి పెసరట్లు పట్టుకుని సెల్లార్‌లోకి దిగింది. చలపతిరావు పళ్ళెం తన పాత అంబాసిడర్ బానెట్ మీద పెట్టుకుని నిలబడే తిన్నాడు. అల్లం పచ్చట్లో కారం తగ్గించింది. అతని కడుపు సంగతి ఆమెకు తెలుసు.

"కానివ్వండి అన్నయ్యగారూ. పదింటికి మధు వచ్చేస్తాడు."

నార్సింగిలోని ఆ అపార్ట్‌మెంట్‌కి మధు కొత్త సెక్రటరీ. కదలని బండ్లు సెల్లార్‌లో ఉండకూడదని మీటింగులో తీర్మానం చేయించాడు. ఈ రోజే గడువు.

పార్వతమ్మ పోయి ఏడాది దాటింది. భార్య పోయాక చలపతిరావు కారు బయటికి తీయలేదు. తుడవడం మాత్రం ఒక్కరోజూ మానలేదు.

మధు వచ్చాడు. గేటు బయట క్రేన్ ఆగింది.

"పార్కింగ్ జాగా మీరు విడిగా కొన్నదే సార్, కాదనను. కానీ ఇది బండా, బొమ్మా? ఒక్క రౌండు కొట్టి చూపించండి. లేదంటే వాళ్ళు తీసుకెళ్ళిపోతారు."

చలపతిరావు చోక్ లాగి తాళం తిప్పాడు. కారు పలకలేదు.

"జర ఆగున్రి సార్," అన్నాడు వాచ్‌మన్ ఈశ్వరయ్య మధుతో. "ముసల్ది. లేవనీకి టైం పడ్తది."

నాలుగో అంతస్తు ఆదర్శ్‌కి పాత కార్లంటే పిచ్చి. ఆఫీసు లేని రోజు కదా, లుంగీతోనే దిగి వచ్చాడు. తన కారు పక్కకు తెచ్చి, బ్యాటరీ నుంచి తీగలు కలిపాడు.

"ఇంత అవస్థ ఎందుకంకుల్? నాకు అమ్మేయండి. ప్రాణంలా చూసుకుంటా."

"దీంతో నువ్వు పడలేవు బాబూ. స్టీరింగ్ ఎడమకి తిప్పితే చాలు, హారన్ మోగుతుంది. బ్రేకు రెండుసార్లు తొక్కితేగానీ మాట వినదు."

"మా మేనేజర్ కంటే నయమే!"

చలపతిరావు నవ్వాడు. తాళం మాత్రం చేతిలోంచి వదల్లేదు.

"ఆంటీ జ్ఞాపకమనా అంకుల్?"

"అలాగే అనుకో."

పుణ్యవతి మొహం పక్కకి తిప్పుకుంది.

మళ్ళీ తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గింది, నల్లటి పొగ వదిలింది, అందుకుంది. ఆదర్శ్ ఈల వేసి వెనక తలుపు మీద చెయ్యి వేశాడు.

"వెనక వద్దు బాబూ. ముందు కూర్చో."

కారు ర్యాంప్ ఎక్కి ఎండలోకి వచ్చింది. అద్దాల మేడల మధ్య దాన్ని చూసి బైకుల మీద పోయేవాళ్ళు ఆగి ఫోన్లు తీశారు. ఎడమ మలుపులో హారన్ దానంతటదే మోగింది. రోడ్డు మధ్య పడుకున్న కుక్క ఎగిరి దూకింది. ఆదర్శ్ కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ కాసేపు చలపతిరావు భయం మరిచిపోయాడు.

తిరిగి వచ్చేసరికి మధు క్రేన్‌ని పంపేస్తున్నాడు.

"ఈ నెలకి సరే సార్. వచ్చే నెల మళ్ళీ కదలాలి. ఎప్పుడు మొరాయిస్తే అప్పుడే పంపించేస్తాను."

చలపతిరావు తల ఊపాడు. వేడెక్కిన బానెట్ మీద చెయ్యి ఆనించి, ఇంకెన్ని నెలలు లేస్తుందో అనుకున్నాడు.

చీకటి పడింది. అందరూ లిఫ్టుల్లో పైకి వెళ్ళిపోయారు. ఈశ్వరయ్య సెల్లార్ లైట్లు ఆర్పి, మూలనున్న ఒక్కదాన్ని వదిలేశాడు. రోజూ వదిలేస్తాడు.

మూడో అంతస్తులోని ఫ్లాటు భార్య వైద్యానికి అమ్మేసుకున్న చలపతిరావు, ఏడాదిగా తాను పడుకుంటున్న వెనక సీట్లోకి ఎక్కి, కారు తలుపు లోపలి నుంచి మెల్లగా వేసుకున్నాడు.