పక్కన పరిగెత్తే పిల్ల

బీప్ మోగింది. పిచ్చుక గీత దాకా రాలేకపోయింది.

"ఔట్" అన్నాడు కోచ్, ఆ పిల్ల వంక చూడకుండానే.

పిచ్చుకంటే జట్టులో అందరికన్నా చిన్నది, గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది. అది ఆగిందో లేదో, పక్కన పరిగెత్తుతున్న కొత్తమ్మాయి కూడా ఆగిపోయింది.

"ఇదొకతె" అని గొణుక్కున్నాడు కోచ్.

మైదానంలో రెండు గీతలు. కోచ్ పక్కనున్న స్పీకరు డబ్బా బీప్ అనేలోపు ఈ గీత నుంచి ఆ గీతకి చేరాలి. పోనుపోను బీపులు దగ్గర పడిపోతాయి. అందుకోలేనివాళ్ళు ఔట్. ఫుట్‌బాల్ ఆడే ఆ ఆడపిల్లల్లో ఎవరి దమ్మెంతో తేల్చడానికి కోచ్ నమ్ముకున్నది ఆ డబ్బానే.

"నిజంగా దమ్ము అయిపోయినవాళ్ళకి నోట మాట రాదు. ఆగినవాళ్ళు కబుర్లు చెబుతున్నారంటే దొంగాటే" అనేవాడు.

అన్నాడే గానీ, ఆగినవాళ్ళ వైపు తిరిగి చూసే అలవాటు ఆయనకే లేదు. వాళ్ళు వెనక గోడ నీడన చతికిలబడేవాళ్ళు. ఆయన కళ్ళు ఇంకా పరిగెత్తేవాళ్ళ మీదే.

కొత్తమ్మాయి వేరే ఊరి నుంచి వచ్చి నెలలైంది. అయినా ఆ "కొత్త" పోలేదు పాపం. ఏ టెస్టు పెట్టినా దాని పేరు అడుగునుంచి వెతికితేనే కనిపించేది. మ్యాచుల్లో ఒక్క గోలు కొట్టిన పాపాన పోలేదు. బంతి ఎక్కడున్నా, ఎవరో ఒకరి పక్కన పరిగెత్తడమే దాని ఆట.

ఆదివారం ఆఖరి మ్యాచ్. ఓడిపోతే ఆడపిల్లల జట్టునే ఎత్తేస్తామని క్లబ్బువాళ్ళు మొహం మీదే చెప్పేశారు. ఆ మాట విన్నప్పటి నుంచి కోచ్‌కి ముద్ద దిగడం లేదు.

కింది జట్టులో గుర్రంలాంటి పిల్ల ఒకతె తయారుగా ఉంది. దానికి చోటు కావాలి. ఎవర్ని తీయాలి? పిచ్చుక పీలదే, కానీ టెస్టు టెస్టుకీ దాని దమ్ము పెరుగుతోంది. ఒళ్ళూ వయసూ ఉండి దానితోపాటే ఆగిపోయే ఈ కొత్తమ్మాయి దేనికి?

"ఇలా రామ్మా. ఆదివారం నువ్వు రానక్కర్లేదు."

కొత్తమ్మాయి బూటు లేసు విప్పుతూ తలెత్తింది. "ఇక ఎప్పుడూనా సార్?"

"ఏం చేసుకోను చెప్పు నిన్ను పెట్టుకుని? పిచ్చుకకున్న ఊపిరైనా నీకు లేదాయె."

నోట్లో నాలుక లేని పిల్ల. "సరే సార్" అంది. గేటు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చింది.

"పిచ్చుక పక్కన ఎవర్నైనా పెట్టండి సార్. ఒక్కతే అయితే డీలా పడిపోతుంది."

"నాకే నేర్పుతున్నావా? వెళ్ళు తల్లీ, వెళ్ళు."

వెళ్ళిపోయింది.

ఆదివారం మొదటి సగం బాగానే నడిచింది. రెండో సగంలో పిచ్చుక నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోయింది. దాన్ని చూసి ఇంకొకతె. ఆమెని చూసి మరొకతె. గుర్రంలాంటి పిల్ల ఎక్కడో ముందు ఒంటరిగా పరిగెడుతోంది. దానికి బంతి అందించే నాథుడు లేడు.

"కదలండే, కాళ్ళకి వేళ్ళు మొలిచాయా?" అని కోచ్ గొంతు చించుకున్నాడు.

ఓడిపోయారు.

వారం తిరక్కుండానే క్లబ్బు గది ఖాళీ చేయమన్నారు. కోచ్ బంతులు గోనెసంచిలో వేస్తుంటే పిచ్చుక వచ్చింది, ఉతికి మడతపెట్టిన జెర్సీతో.

"బల్ల మీద పెట్టు. ఏమే, టెస్టుల్లో అంత బాగా పరిగెత్తేదానివి, ఆ రోజు ఏం మాయరోగం వచ్చింది నీకు?"

"కొత్తక్క లేదుగా సార్."

"ఉంటే? చంకనేసుకుని పరిగెత్తేదా?"

"పక్కనే ఉండి వేలు చూపించేది సార్, ఆ ఒక్క గీత దాకా అన్నట్టు. అక్కడికెళ్ళాక మళ్ళీ ఇంకో గీత. నాకొక్కదానికే కాదు. ఏ రోజు ఎవరు డీలాగా ఉంటే వాళ్ళ పక్కన చేరేది."

కోచ్ చేతిలో బంతి సంచిలో పడేసి లేచాడు.

"వాళ్ళిల్లెక్కడ?"

"తాళం వేసుంది సార్. వాళ్ళ నాన్నకి ఇంకెక్కడో పని దొరికిందట. ఏ ఊరో పక్కింటివాళ్ళకీ తెలీదు."

ఆయన బల్ల మీద కూలబడ్డాడు. మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

"అంత దమ్మున్నది నీతోపాటు ఎందుకు ఆగిపోయేదే మరి?"

"నేనొక్కదాన్నే ఓడినట్టు ఉండకూడదని" అంది పిచ్చుక, జెర్సీ మడత సర్దుతూ. "మీరు అటు తిరిగి ఉండేవారు సార్. నాకు ఊపిరి అందేదాకా గోడ దగ్గర నా వీపు రాస్తూ పాట పాడేది, మధ్యలో ఎక్కడా ఆగకుండా."