జమ్మిచెట్టుకు కంచె

ఎడారిలో జమ్మిచెట్లు ఎన్ని మిగిలాయో చూసి రమ్మని జంతువులన్నీ కలిసి కాకిని పంపాయి. కాకి మూడు రోజులు తిరిగి తిరిగి వచ్చి, "మనం కూర్చున్న ఈ ఒక్కటే," అంది.

అందరూ చెట్టు మొదట్లోకి ఇంకాస్త జరిగారు. వాళ్లకున్న నీడ అదొక్కటే మరి.

"దీన్ని కాపాడుకోవాల్సిందే. చుట్టూ ముళ్లకంచె వేద్దాం," అన్నాడు ఒంటె తాత.

"ముళ్లెక్కడివి తాతా?" అని అడిగింది మేక.

తాత చుట్టూ చూశాడు. ఎటు చూసినా ఇసుకే. తల పైకెత్తాడు. "ఇదిగో, దీనికే బోలెడున్నాయిగా!"

కింది కొమ్మలన్నీ విరిచి కంచె కట్టారు.

"ఇంత పొట్టిదైతే నేనే దూకి చెట్టును మేసేస్తాను," అంది మేక నిజాయితీగా.

దాని మాట తీసెయ్యలేక పై కొమ్మలూ విరిచారు. చివరి కొమ్మ మీద కాకి గూడుంది. కంచెలో ఇంకా ఒక్క కొమ్మంత సందు మిగిలిందని తాత చెప్పగానే, కాకి గూడు ముక్కున కరుచుకుని తప్పుకుంది.

"నాయనలారా, నా మాట కాస్త..." అంది చెట్టు.

"నువ్వూరుకో తల్లీ! ఈ తంటాలన్నీ ఎవరికోసం?" అని కసిరాడు తాత.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరూ కాలే ఇసుకలో నిలబడి కంచెను తెగ మెచ్చుకున్నారు. లోపల బోడి మొద్దు నిలబడి ఉంది. ఇంతలో కరకరమని చప్పుడైంది. మేక కంచెను నములుతోంది.

"అయ్యయ్యో! ఈ కంచె నిలవాలంటే దీని చుట్టూ ఇంకో కంచె వెయ్యాలి," అన్నాడు తాత.

అందరూ ఒకేసారి మొద్దు వంక చూశారు.