మెడలో రెండు ప్లకార్డులు

"ఏయ్ లచ్చయ్యా, నీడలకు జరగకు. ఆ నీడ సార్‌కు," అన్నాడు కానిస్టేబుల్ జైపాల్, కోర్టు కాగితంలో పేరు చూసి.

ఎల్బీనగర్ చౌరస్తా. మే నెల. పొద్దెక్కీ ఎక్కకముందే రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకుంటోంది.

తాగి బండి నడిపినందుకు ఇద్దరికి కోర్టు ఒకే శిక్ష వేసింది. రెండు రోజులు చౌరస్తాలో 'మద్యం తాగి వాహనం నడపరాదు' అనే ప్లకార్డు పట్టుకుని నిలబడాలి. సాయంత్రం ట్రాఫిక్ ఎస్సై సంతకం పెడితేనే ఆ రోజు లెక్కలోకి వస్తుంది. పెట్టకపోతే జైలు.

జైలు మాటెత్తితేనే లచ్చయ్యకు వణుకు. యాభై దాటిన మనిషి. నెత్తిన ఒక్క వెంట్రుక లేదు. పరువు పోతుందన్న భయంతో ఎవరి కంటా పడకుండా ఆటోలో మూలకు ఒదిగి వచ్చాడు. గప్‌చుప్‌గా నిలబడి, సంతకం పెట్టించుకుని పోదామనుకున్నాడు.

ఆ రోజు అక్కడ గప్‌చుప్‌గా ఏదీ జరిగేలా లేదు. పిడుగు స్టార్ రణదేవ్ తాగి దొరికాడనీ, ఇవాళ ఎల్బీనగర్‌లో ప్లకార్డు పట్టుకుంటాడనీ తెల్లారేసరికి ప్రతి ఫోన్లోకీ వచ్చేసింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు సగం ఖాళీ అయ్యాయి. కొత్తపేట రైతుబజారుకని సంచులతో బయల్దేరినవాళ్లు కూడా ఇటే తిరిగారు.

రెండో మనిషి ఆటో దిగాడు. ఎగదువ్విన జుట్టు, నల్ల కళ్లద్దాలు, పైన మూడు గుండీలు పెట్టని చొక్కా. జనం ఒక్కసారిగా ఊగిపోయారు.

"ఆటోల ఒచ్చిండు చూడు. ఎంత సింపుల్ మనిషి," అందొక కాలేజీ పిల్ల. కళ్లు తుడుచుకుంది కూడా.

ఎస్సై శైలేందర్ పరుగున ఎదురెళ్లాడు.

"సార్, నేను..." అని కళ్లద్దాలాయన ఏదో చెప్పబోయాడు.

"మీరేం మాట్లాడొద్దు సార్. మీడియా ఉంది. మేం చూస్కుంటం."

కుర్చీ వచ్చింది. టేబుల్ ఫ్యాన్ వచ్చింది. పక్క హోటల్ నుంచి చాయ్, ఉస్మానియా బిస్కట్లు వచ్చాయి. "కుర్చీ వద్దు సార్" అని ఆయన మొత్తుకుంటే, టీవీ అమ్మాయి ఆ వినయాన్ని లైవ్‌లో అరగంట పొగిడింది.

ఆయన ప్లకార్డు బరువుగా ఉందని జైపాల్ దాన్ని లచ్చయ్యకిచ్చాడు. లచ్చయ్య చేతికొకటి పట్టుకున్నాడు. తర్వాత జైపాల్ గొడుగూ ఇచ్చాడు.

"చేతులు రెండే ఉన్నయి గద అన్నా," అన్నాడు లచ్చయ్య.

"మెడ ఉన్నది గద?"

రెండు ప్లకార్డులూ మెడలో వేసుకుని, లచ్చయ్య కుర్చీ పక్కన గొడుగు పట్టాడు. "పిడుగు స్టార్‌కూ..." అని జనం కేక పెడితే అతనూ చెయ్యి ఊపాడు.

"నీకెందుకయ్యా ఊపుడు? గొడుగు సక్కగ పట్టు," అని కసిరాడు జైపాల్.

ముగ్గురు కుర్రాళ్లు ఒకే బండి మీద, హెల్మెట్ లేకుండా వచ్చి సెల్ఫీ అడిగారు. ముగ్గురూ ఫ్రేములో పట్టడం లేదని ఎస్సైగారే ఫోన్ తీసుకుని ఫొటో తీశారు. ట్రాఫిక్ పెద్ద అంబర్‌పేట్ దాకా ఆగిందట. జనం అడిగితే కళ్లద్దాలాయన లేచి స్టెప్పు కూడా వేశాడు. నిజం చెప్పొద్దూ, సినిమాలో కంటే బాగా వేశాడు. ఎందుకో లచ్చయ్య ముఖం మాడిపోయింది.

మధ్యాహ్నానికి ఇక లాభం లేదని లచ్చయ్య జైపాల్ చెవిలో ఏదో చెప్పాడు. జైపాల్ బారికేడ్ పట్టుకుని మరీ నవ్వాడు.

"ఏమంటుండు?" అని అడిగాడు ఎస్సై.

"ఎండ నెత్తికెక్కింది సార్. జర మజ్జిగ తాపిస్త."

మజ్జిగ అమ్మే అండాలమ్మ గ్లాసు అందిస్తూ లచ్చయ్య ముఖంలోకి చూసింది. "నీ గొంతు యాడనో విన్నట్టున్నది కొడుకా."

లచ్చయ్య ప్రాణం లేచొచ్చింది. "యాడ విన్నవమ్మా? మంచిగ యాది చేస్కో."

"ఆఁ, మా ఊర్ల మేకలాయన. అచ్చం గిదే గొంతు."

సాయంత్రమైంది. ఎస్సై కళ్లద్దాలాయన కాగితం మీద, పేరు కూడా చూడకుండా, రెండు రోజులకూ కలిపి సంతకం పెట్టేశాడు. ఇంతమందికి ఒక్క పూటలో అవగాహన కలిగించినవాళ్లను మళ్లీ రమ్మనడం అన్యాయమన్నాడు. పోలీసు జీపులోనే ఇంటికి పంపాడు.

లచ్చయ్య తన కాగితం ముందుకు చాపాడు.

"నీది కుదరదు. కోర్టు ప్లకార్డు చేత పట్కొమ్మన్నది. నువ్వు మెడల ఏస్కున్నవ్."

"మీరే గద సార్ గొడుగు ఇచ్చింది?"

"గొడుగు పట్టమని కోర్టు ఆర్డర్ల ఉన్నదా? ఇయ్యాలది లెక్కల లేదు. రేపు రా, ఎల్లుండి రా. ఇంకోపాలి తప్పితే సీదా జైలుకే."

లచ్చయ్యకు ఏడుపొచ్చింది. అంత వయసు మనిషి, చౌరస్తాలో నిలబడి నిజంగానే ఏడ్చాడు. ఎవరూ ఫొటో తీయలేదు. షేర్ ఆటోలో చంపాపేట్ దాకా వెళ్లి, మెయిన్ రోడ్డు మీదే దిగి సందులోకి నడిచాడు.

ఆ సందులో ఆగి ఉన్న పొడుగాటి నల్ల కారెక్కి, మేనేజర్ అందించిన విగ్గు నెత్తిన సర్దుకుని, అద్దంలో కనిపించిన పిడుగు స్టార్ రణదేవ్‌ను దిగులుగా చూసుకుంటూ, "పెళ్లి బరాతుల్ల నా వేషమేసే ఆ పోరడు రేపు ఉండడు గద, రేపన్న నన్ను నేనే అని నమ్ముతరంటవా?" అని అడిగాడు లచ్చయ్య.